గోడలో కన్నం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు అడిగినప్పుడు ముందు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. ఆదివారం గుడ్డు కోసం వరసలో నిలబడటం, పంపు దగ్గర స్నానాలు, స్టడీ అవర్స్‌లో కునికిపాట్లు ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. "నువ్వు కంప్యూటర్ల మీద పని చేస్తున్నావు గదా, ఆ పనిలో నేర్చుకున్నది పిల్లలకు పనికొచ్చేట్టు రాయి" అని మా బ్యాచ్ మిత్రుడొకడు సలహా ఇచ్చాడు. ఆలోచిస్తే, నా ఉద్యోగంలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం, ఈ హాస్టల్లో ఏడో తరగతిలో నేర్చుకున్న పాఠం రెండూ ఒకటేనని తెలిసింది. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

మాది రేపల్లె దగ్గర కృష్ణ ఒడ్డున ఒక లంక గ్రామం. మా ఇంట్లో అక్షరం వచ్చినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. 1998లో ఆరో తరగతిలో చేర్చడానికి అమ్మ నన్ను రేపల్లె ప్యాసింజరు ఎక్కించి తెనాలి తీసుకొచ్చింది. భట్టిప్రోలు, వేమూరు దాటేవరకు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. హాస్టల్లో వదిలి వెళ్తూ అమ్మ ఒకే మాట చెప్పింది. "పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకో. స్నానానికెళ్లినా తియ్యొద్దు." ఆ ట్రంకు పెట్టెలో ఉన్నవల్లా రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, పళ్లెం, గ్లాసు, సబ్బుపెట్టె. అయినా అది నా ఇల్లు. ఒక గదిలో ఇరవై మందిమి ఉండేవాళ్లం. ఇరవై పెట్టెలు, ఇరవై తాళాలు. కప్పు ఒకటే అయినా ఎవరి పెట్టె వారిది.

మా గదికి, పక్కనున్న పదో తరగతి గదికి మధ్య గోడలో ఒక ఇటుక ఊడిపోయి కన్నం పడి ఉండేది. స్టడీ అవర్స్‌లో గది దాటి వెళ్లకూడదు కాబట్టి ఆ కన్నమే మాకు పోస్టాఫీసు. ఇటునుంచి సుద్దముక్క పెడితే అటునుంచి జామకాయ వచ్చేది. లెక్కలు రానివాళ్లు పుస్తకం పెడితే చేసిచ్చేవాళ్లు. వార్డెన్ గారికి తెలుసు గాని చూసీ చూడనట్టు ఊరుకునేవారు. నిజానికి ఆ కన్నం వల్ల మంచే ఎక్కువ జరిగింది. నాకు వర్గమూలం కట్టడం నేర్పింది కన్నానికి అవతలున్న ఒక అన్నే.

నా పక్క పెట్టె వాడిది బాపట్ల దగ్గర సముద్రం వైపు పల్లె. వాడి పెట్టె గొళ్లెం ఊడిపోతే కొన్ని వస్తువులు నా పెట్టెలో దాచుకునేవాడు. ఒకసారి వాడికి ఇంటి నుంచి ఇన్‌లాండు కవరు వచ్చింది. చదువుకుని, మడతపెట్టి, "ఇది ఎవరికీ చూపించొద్దురా" అని నా చేతికిచ్చాడు. నేను దాన్ని లెక్కల పుస్తకంలో పెట్టాను. ఆ రాత్రి కరెంటు పోయింది. అవతలి గది అన్న లెక్కల కాగితం అడిగాడు. చీకట్లో పుస్తకంలోంచి మడత కాగితం తీసి కన్నంలో పెట్టేశాను. చేతికి తగిలింది కాగితమే గదా అనుకున్నాను. ఏ కాగితమో చూసుకోలేదు.

తెల్లారి టిఫిన్ వరసలో ఒక పదో తరగతి పిల్లవాడు "కమ్మలవాడొచ్చాడు, దారివ్వండ్రా" అన్నాడు. అందరూ నవ్వారు. వాడి ఫీజు కోసం, పుస్తకాల కోసం అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టిన సంగతి ఆ ఉత్తరంలో ఉంది. వాడు పళ్లెం అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి బాపట్ల రైలెక్కాడని తెలిసింది.

నేను ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు అన్నం దిగలేదు. మూడో రోజు వార్డెన్ గారి గదికి వెళ్లి ఏడుస్తూ చెప్పాను. కొడతారనుకున్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "తప్పు చేసిన పూటే చెప్పుంటే వాడు రైలెక్కేవాడు కాదు గదరా" అన్నారు. ఆదివారం నన్ను వెంటబెట్టుకుని బాపట్ల వెళ్లి, అక్కణ్ణుంచి వాళ్ల పల్లెకు నడిపించి, వాణ్ణి తీసుకొచ్చారు. మర్నాడు మేస్త్రీ వచ్చి కన్నం మూసేశాడు. అప్పటినుంచి ఏది ఇవ్వాలన్నా వరండాలోంచి చుట్టూ తిరిగి, ఎవరికి ఇస్తున్నామో చూసి, చేతికే ఇవ్వాల్సి వచ్చింది. మేమంతా విసుక్కున్నాం. కాని ఆ తర్వాత ఒకరి ఉత్తరం ఇంకొకరు చదివిన గొడవ మళ్లీ రాలేదు.

ఈ సంగతి రాస్తానని ఆ మిత్రుణ్ణి అడిగితే, "నా పేరు లేకుండా రాసుకో" అన్నాడు. ఇప్పుడు వాడు బడిపంతులు.

ఇంటర్ అయ్యాక బాపట్లలో ఇంజనీరింగ్ చదివాను. 2008లో, చివరి సంవత్సరంలో, ఒక సహవిద్యార్థి గదిలో మొదటిసారి వర్చువల్ మెషీన్ చూశాను. వాడి కంప్యూటరులో విండోస్ నడుస్తోంది. అందులోనే ఒక కిటికీ లాంటిది తెరిచి, లోపల లినక్స్ నడుపుతున్నాడు. ఒక కంప్యూటరులో ఇంకో కంప్యూటరు! లోపలి దానికి తనదైన మెమొరీ, తనదైన డిస్కు ఉన్నాయి. లోపల ఏం పాడైనా బయటిదానికి ఏమీ కాదన్నాడు. నాకు వెంటనే మన గది గుర్తొచ్చింది. కప్పు ఒకటే, పెట్టెలు వేరు. ఆ పెట్టెలకు చోటు పంచి, ఒకరి దాంట్లో ఒకరు చెయ్యి పెట్టకుండా చూసే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అంటారు. దాన్ని వార్డెన్ అనుకోండి.

ఇది కొత్త ఊహేమీ కాదు. ఐ.బి.ఎం. వారు 1960లలోనే ఒక పెద్ద యంత్రాన్ని చాలామందికి విడివిడి యంత్రాలుగా కనిపించేట్టు పంచారు. 1972లో వి.ఎం. 370 అనే పేరుతో విడుదల చేశారు. మన బల్లల మీది కంప్యూటర్లకు 1999లో వి.ఎం.వేర్ సంస్థ దీన్ని తెచ్చింది. మా వాడి గదిలో నేను చూసింది వర్చువల్ బాక్స్. దాన్ని 2007లో ఇన్నోటెక్ అనే జర్మనీ సంస్థ విడుదల చేసింది. తర్వాత అది సన్ చేతికి, 2010లో ఆరాకిల్ చేతికి పోయింది. ఈరోజు క్లౌడ్ అని మనం పిలుచుకునేదంతా చాలావరకు ఇలాంటి పెట్టెలే. ఒకే సర్వరు మీద పదుల కొద్దీ సంస్థల వర్చువల్ మెషీన్లు పక్కపక్కనే నడుస్తుంటాయి.

ఆ రోజు మా వాడు ఇంకో సంగతి చూపించాడు. విండోస్‌లో ఒక వాక్యం కాపీ చేసి, లోపలి లినక్స్‌లో పేస్టు చేశాడు. అది వచ్చేసింది! దీన్ని క్లిప్‌బోర్డు షేరింగ్ అంటారన్నాడు. క్లిప్‌బోర్డు అంటే నాకప్పటికి పరీక్షల్లో కాగితం బిగించి రాసుకునే అట్టే తెలుసు. కంప్యూటరు క్లిప్‌బోర్డు అంటే మనం కాపీ కొట్టినదాన్ని పేస్టు చేసేదాకా మెమొరీలో దాచి ఉంచే చోటు. ఈ కట్, కాపీ, పేస్టు పద్ధతిని లారీ టెస్లర్, టిమ్ మాట్ అనేవారు 1970లలో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఒక రాత పనిముట్టు కోసం తయారుచేశారు. మనం సర్టిఫికెట్ల నకలు తీయించుకునే షాపుకు ఏ కంపెనీ పేరు పెట్టుకున్నామో, ఆ కంపెనీ పరిశోధనశాలలోనే. టెస్లర్ 2020లో కన్నుమూశారు. ఆయన పేరు తెలియకపోయినా ఆయన ఇచ్చిన సౌకర్యం వాడుకోని కంప్యూటరు మనిషి లేడు.

తమ్ముళ్లూ, ఈ క్లిప్‌బోర్డుకు మూడు గుణాలున్నాయి. వీటిని గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. ఒకటి, మామూలుగా అందులో ఒక్క వస్తువే పడుతుంది. కొత్తది పెడితే పాతది పోతుంది. రెండు, అందులో ఏముందో తెర మీద కనపడదు. పేస్టు చేశాకే తెలుస్తుంది. మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది, దానికి తాళం లేదు. మామూలు కంప్యూటరులో నడుస్తున్న ఏ ప్రోగ్రామైనా, మనల్ని అడక్కుండానే, అందులో ఏముందో చూడగలదు. మనం పేస్టు చేస్తేనే బయటికి వెళ్తుందనుకుంటాం. కాదు. కాపీ చేసినప్పుడే అది నలుగురు తిరిగే వసారాలో పెట్టినట్టు.

ఇప్పుడు దీన్ని రెండు వర్చువల్ మెషీన్లకు ఉమ్మడి చేస్తే ఏమవుతుంది? లోపలి మెషీన్‌లో ఒక చిన్న సహాయక ప్రోగ్రాము వేస్తారు. వర్చువల్ బాక్స్‌లో దాన్ని గెస్ట్ అడిషన్స్ అంటారు, వి.ఎం.వేర్‌లో వి.ఎం.వేర్ టూల్స్ అంటారు. బయట కాపీ చేయగానే అది లోపలికి కబురు చేస్తుంది, లోపల కాపీ చేస్తే బయటికి. అంటే అంత శ్రద్ధగా కట్టిన గోడలో ఒక ఇటుక ఊడదీయడమే. లోపలి మెషీన్‌లో వైరస్ ఉందనుకోండి. మీరు బయట మీ బ్యాంకు పాస్‌వర్డు కాపీ చేస్తే, దాన్ని మీరు లోపల పేస్టు చేయకపోయినా, లోపలున్నది అడిగి తీసుకోగలదు.

ఇవన్నీ 2016 దాకా నాకు పుస్తకంలో చదివినట్టుగానే తెలుసు. అనుభవంలోకి ఎలా వచ్చిందో చెబుతాను.

అప్పటికి నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో ఆరేళ్లుగా పని చేస్తున్నాను. మేము ఒక విదేశీ సంస్థకు సేవలు అందించేవాళ్లం. వాళ్ల పని అంతా ఒక వర్చువల్ మెషీన్‌లోనే చేయాలి. మెయిలు, కబుర్లు, సొంత పనులు ఏమున్నా బయట. నేను లోపలినుంచి బయటికి పొడుగాటి ఎర్రర్ సందేశాలు చూసి టైపు చేయలేక, క్లిప్‌బోర్డు షేరింగ్ రెండు వైపులా తెరిచి పెట్టుకున్నాను. ఎవరూ తెరవమనలేదు. ఒక్కరోజు పనికని తెరిచి, మూయడం మరిచిపోయాను. అలా నెలలు గడిచాయి.

ఆ రోజుల్లో మన బ్యాచ్ వాళ్లం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. మన హాస్టల్లోనే చదివి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చిన ఒక తమ్ముడికి ఫీజు కట్టడానికి చందాలు వేసుకుంటున్నాం. లెక్క చూసే బాధ్యత నాది. సాయంత్రం ఏడు దాటింది. ఆ తమ్ముడి బ్యాంకు ఖాతా నంబరు గ్రూపులో పెడదామని బయట కాపీ చేశాను. అంతలో మేనేజర్ గారు ఏదో అడిగితే వర్చువల్ మెషీన్‌లోకి వెళ్లి, ఆ సంస్థ ఖాతాదారుల పట్టికలో కొన్ని వరసలు కాపీ చేసి, అక్కడే ఇంకో ఫైలులో వేసి చూసి, ఆయనకు జవాబు చెప్పాను. తిరిగి బయటికొచ్చి, కంప్యూటరులో తెరిచి ఉన్న వాట్సాప్ గ్రూపులో పేస్టు చేసి, చూడకుండానే ఎంటర్ కొట్టేశాను.

వెళ్లింది ఖాతా నంబరు కాదు. సుమారు ముప్ఫైమంది విదేశీయుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు.

చెప్పాను గదా, క్లిప్‌బోర్డులో ఒక్క వస్తువే పడుతుంది. లోపల నేను పట్టిక కాపీ చేయగానే గోడ అవతలున్న ఖాతా నంబరు పోయి, దాని చోట పట్టిక కూర్చుంది. కన్నం మూసి ఉంటే లోపలిది లోపలే ఉండేది. బయట నేను కాపీ చేసిన ఖాతా నంబరు బయటే భద్రంగా ఉండేది. అంటే ఆ తప్పు జరిగే అవకాశమే ఉండేది కాదు. నా తొందరపాటు ఎంతైనా ఉండనీ, పోయేది ఆ ఖాతా నంబరే. దీన్ని నేను తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్కలేదు.

నేను గమనించనే లేదు. పది నిమిషాలకు బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. ఆ మిత్రుడే. "ఒరేయ్, గ్రూపులో ఏదో పెట్టావు, చూసుకో. నేను చదవలేదు, ఇంగ్లీషు పేర్లు కనపడగానే మూసేశాను" అన్నాడు. తెరిచి చూసి చల్లబడిపోయాను. అప్పటికి వాట్సాప్‌లో పంపినదాన్ని అందరి ఫోన్లలోంచి తుడిచేసే వీలు లేదు, ఆ సౌకర్యం 2017లో వచ్చింది. గ్రూపులో నలభై ఎనిమిది మంది ఉన్నాం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెరిపేయమని బతిమాలాను. మనవాళ్లు ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా అందరూ చెరిపేశామని చెప్పారు.

ఇక ఎవరికీ తెలియదు. పైవాళ్లకు చెప్పకపోతే ఆ సంగతి అంతటితో పోతుంది. మనసు అదే చెప్పింది. ఇంటికి నెలనెలా డబ్బు పంపేవాణ్ణి నేనొక్కణ్ణే. చెల్లి పెళ్లి అప్పు ఇంకా తీరలేదు. ఉద్యోగం పోతే రేపల్లె వెళ్లి అమ్మకు ఏం చెప్పాలి? మన దగ్గరినుంచి వెళ్లినవాడు ఒకడు తప్పు చేస్తే, వెనకాల వచ్చేవాళ్లను కూడా అదే కళ్లతో చూస్తారేమోనన్న భయం వేరే ఉంది. ఇది చదువుతున్న మీలో చాలామందికి ఆ భయం నేను చెప్పక్కర్లేదు. ఆఫీసు మెట్ల మీద అరగంట కూర్చున్నాను. చివరికి చెవిలో వినపడింది వార్డెన్ గారి మాటే. "తప్పు చేసిన పూటే చెప్పుంటే..."

లేచి వెళ్లి మేనేజర్ గారికి చెప్పాను. ఏం కాపీ చేశానో, ఎన్ని వరసలో, ఎక్కడికి వెళ్లిందో, ఎంతమంది చెరిపేశారో కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన ముఖం మాడిపోయింది. ఆ రాత్రే అవతలి సంస్థకు తెలియజేశారు. నా ప్రవేశాలన్నీ ఆపేశారు. మూడు వారాలు పని లేకుండా కుర్చీలో కూర్చున్నాను. ఆ ఏడాది ఇంక్రిమెంటు రాలేదు. నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తీసేశారు. కాని ఉద్యోగం ఉంది. విచారణ చేసిన ఆవిడ చివరి రోజున, "మీరు చెప్పకుండా ఉండి, మేము లాగుల్లో కనిపెట్టి ఉంటే ఆ రోజే పంపించేసేవాళ్లం" అని చెప్పారు. ఆ పట్టికలో ఉన్న ముప్ఫైమందిలో ఎవరికీ నష్టం జరగలేదని తేలింది. అది నా తెలివి వల్ల కాదు. ఫోన్లలో చెరిపేసిన మన హాస్టల్ వాళ్ల మంచితనం వల్ల.

ఆ మూడు వారాల్లో నేను ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. తర్వాత భద్రత విభాగానికే మారాను. అప్పటినుంచి అదే నా పని. చదివిందాంట్లో కొంత మీకు చెబుతాను.

వి.ఎం.వేర్ వారు సర్వర్లకిచ్చే వి.స్ఫియర్‌లో 4.1 వెర్షన్ నుంచే వర్చువల్ మెషీన్‌కు, దాన్ని చూసే కంప్యూటరుకు మధ్య కాపీ, పేస్టును మొదటే ఆపేసి ఇస్తున్నారు. కావాలనుకున్నవాడు తెరుచుకోవాలి. వర్చువల్ బాక్స్‌లో నాలుగు పద్ధతులున్నాయి. పూర్తిగా మూసేయడం, బయటినుంచి లోపలికి మాత్రమే, లోపలినుంచి బయటికి మాత్రమే, రెండు వైపులా. ఇందులో కూడా భద్రత కోసం మొదట మూసే ఉంచుతారు. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు ల్యాబులో వాడేటప్పుడు ఈ తేడా గమనించండి. అనుమానమున్న ఫైలును లోపల పరీక్షిస్తుంటే మిగతా మూడూ అక్కర్లేదు, మూసేయడమే మంచిది. నోట్సులోంచి కమాండ్లు లోపల పెట్టుకోవాలంటే బయటినుంచి లోపలికి ఒక్కటి చాలు. రెండు వైపులా తెరవాల్సిన అవసరం చాలా తక్కువసార్లు వస్తుంది.

2019లో చెక్ పాయింట్ అనే సంస్థ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. దూరంగా ఉన్న కంప్యూటరును మన కంప్యూటరునుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌లో కూడా క్లిప్‌బోర్డు ఉమ్మడిగా ఉంటుంది. అవతలి కంప్యూటరు దుర్మార్గుడి చేతిలో ఉంటే, అక్కడినుంచి మనం ఒక ఫైలు కాపీ చేసుకున్నప్పుడు దాంతోపాటు మనకు తెలియకుండా ఇంకో ఫైలును మన కంప్యూటరులో వాడికి కావాల్సిన చోట పెట్టగలడు. మైక్రోసాఫ్ట్ వర్చువల్ మెషీన్ల పద్ధతి అయిన హైపర్ వి లోనూ అదే దారి ఉందని తేలింది. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది జులైలో మరమ్మతు విడుదల చేసింది. అది పూర్తిగా సరిపోలేదని తేలి 2020లో మళ్లీ చేసింది. ఇటుక ఊడిన చోట జామకాయే వస్తుందని నమ్మకం లేదు, తేలు కూడా రావచ్చు.

మరి పూర్తిగా మూసేస్తే పని ఎలా సాగుతుంది? దీనికి నాకు నచ్చిన జవాబు క్యూబ్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో కనపడింది. పోలండ్‌కు చెందిన జోవన్నా రుట్‌కోవ్‌స్కా అనే ఆమె బృందం 2010లో దాన్ని ప్రకటించి, 2012లో మొదటి వెర్షన్ తెచ్చారు. అందులో బ్యాంకు పనికి ఒక వర్చువల్ మెషీన్, ఆఫీసు పనికి ఒకటి, ఊరికే చూసే వాటికి ఒకటి ఇలా విడివిడిగా ఉంటాయి. ఒకదానినుంచి ఇంకోదానికి ఒక మాట పంపాలంటే నాలుగు మెట్లు. ముందు మామూలుగా కాపీ. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, సీ మూడూ నొక్కి మధ్య గదిలోకి పంపాలి. ఆపైన ఏ మెషీన్‌కు పంపాలో దాని మీదికి వెళ్లి కంట్రోల్, షిఫ్ట్, వీ నొక్కాలి. అప్పుడు మధ్య గదిలోంచి అక్కడికి వెళ్తుంది, మధ్య గది ఖాళీ అయిపోతుంది. చివరికి మామూలు పేస్టు. మనిషి చెయ్యి పడకుండా ఏ మెషీనూ మధ్య గదిలో చెయ్యి పెట్టలేదు.

ఇది చదువుతుంటే దుగ్గిరాల లాకులు గుర్తొచ్చాయి. తొమ్మిదో తరగతిలో బడివాళ్లు తీసుకెళ్లి చూపించారు. కాలువలో ఎత్తు నీటికి, పల్లపు నీటికి మధ్య పడవ దాటడానికి రెండు తలుపులతో ఒక తొట్టి కడతారు. పడవ తొట్టిలోకి వచ్చాక వెనక తలుపు మూస్తారు, నీటి మట్టం సరిచేస్తారు, తర్వాతే ముందు తలుపు తీస్తారు. రెండు తలుపులూ ఒకేసారి తెరిస్తే ఏమవుతుందని నేనడిగితే, మాస్టారు "పడవా ఉండదు, కాలువా ఉండదు" అన్నారు. క్లిప్‌బోర్డు రెండు వైపులా తెరిచిపెట్టిన నేను చేసిన పని అదే. లాకు దగ్గర ఆలస్యమవుతుందని ఏ పడవవాడూ తలుపులు పీకేయమనడు.

తమ్ముళ్లూ, "మా దగ్గర వర్చువల్ మెషీన్లూ లేవు, విదేశీ ఖాతాదారులూ లేరు, ఇదంతా మాకెందుకు?" అనుకోవద్దు. మీ దగ్గర మీ ఆధార్ నంబరు ఉంది, కుల ధృవీకరణ పత్రం నంబరు ఉంది, స్కాలర్‌షిప్పు పడే బ్యాంకు ఖాతా ఉంది, అమ్మానాన్నల ఫోన్ నంబరు ఉంది. ఇవన్నీ తెనాలిలోనో, రేపల్లెలోనో, బాపట్లలోనో ఒక నెట్ సెంటరు కంప్యూటరులో కాపీ, పేస్టు అవుతూనే ఉన్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మీ వివరాల మీద మీకు హక్కు ఉందని చెబుతోంది. హక్కు కాగితం మీద ఉంటే చాలదు, జాగ్రత్త చేతిలో ఉండాలి. అందుకని నాలుగు మాటలు:

1. నెట్ సెంటరులో దరఖాస్తు నింపాక, లేచే ముందు, తెర మీదున్న ఏదో ఒక మామూలు పదాన్ని కాపీ చేయండి. మీ నంబరు పోయి దాని చోట ఆ పదం కూర్చుంటుంది. 2018 చివరినుంచి విండోస్ 10లోనూ, ఆ తర్వాత వచ్చిన విండోస్‌లోనూ క్లిప్‌బోర్డు చరిత్ర అనే సౌకర్యం ఉంది. ఎవరైనా దాన్ని తెరిచిపెడితే పాత కాపీలు ఇరవై ఐదు దాకా నిలవ ఉంటాయి. విండోస్ కీ, వీ కలిపి నొక్కితే కనపడతాయి. అక్కడే అన్నీ చెరిపేసే మీట కూడా ఉంటుంది.

2. ఖాతా నంబరు పేస్టు చేశాక ప్రతి అంకె చదవండి. క్లిప్‌బోర్డులో ఉన్న నంబరు తీసేసి దొంగ నంబరు పెట్టే వైరస్‌లున్నాయి. మీరు కాపీ చేసింది ఒకటి, పడేది ఇంకొకటి కావచ్చు. నా సంగతిలో వైరస్ కూడా అక్కర్లేకపోయింది, నా తొందరే చాలింది.

3. మీ చేతిలో ఫోన్ ఉంటే, ఆండ్రాయిడ్ 12 నుంచి ఏదైనా యాప్ మీ క్లిప్‌బోర్డు చదివితే కింద చిన్న సందేశం వస్తుంది. ఐఫోన్‌లో 2020 నుంచి ఇలాంటిది ఉంది. సంబంధం లేని యాప్ చదివినట్టు కనపడితే దాన్ని తీసేయండి. పాస్‌వర్డులు, ఓ.టి.పి.లు కాపీ చేసి ఎవరికీ పంపకండి.

4. తప్పు జరిగితే ఆ పూటే చెప్పండి. వార్డెన్ గారికి కానీ, అన్నకు కానీ, అమ్మకు కానీ, మేనేజరుకు కానీ. ఆలస్యమైన కొద్దీ ఎవరో ఒకరు రైలెక్కి వెళ్లిపోతుంటారు.

అప్పుడు గోడలో కన్నం మూసేస్తే మాకు కోపం వచ్చింది. కాని వరండాలోంచి చుట్టూ తిరిగి వెళ్లి ఇచ్చినప్పుడే, ఎవరి చేతికి ఏమిస్తున్నామో చూసి ఇవ్వడం నేర్చుకున్నాం. ఆ తమ్ముడి ఫీజు కూడా అలాగే కట్టాం. మర్నాడు నేను ఖాతా నంబరు చేత్తో కాగితం మీద రాసి, రెండుసార్లు సరిచూసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. మూడు రోజుల్లో డబ్బు పోగైంది. అతను ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. పోయిన ఏడాది ఇంకో తమ్ముడి ఫీజుకు లెక్క చూసింది అతనే.

నా ట్రంకు పెట్టె ఇప్పటికీ రేపల్లెలో మా ఇంట్లో ఉంది. అమ్మ అందులో బియ్యం పోసుకుంటోంది. తాళంచెవి మాత్రం నా దగ్గరే ఉంది.

హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ అన్న,
ఒక పూర్వ విద్యార్థి, తెనాలి
(1998–2003)